1995 చెరొకీలో క్రాంక్ సెన్సార్‌ను వెతికి పట్టుకున్న వైనం

2017 వేసవిలో నా దగ్గర 1995 మోడల్ జీప్ చెరొకీ ఒకటి ఉండేది. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, అప్పటికే 1,84,000 మైళ్లు తిరిగిన ఆ బండిని ఒక పెద్దాయన దగ్గర 2,100 డాలర్లకు కొన్నాను. నాలుగు లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. చూడడానికి అగ్గిపెట్టెలా ఉంటుంది గాని, ఆ ఇంజిన్ మొండితనాన్ని గురించి అక్కడివాళ్లు కథలు కథలుగా చెప్పుకుంటారు. జులైలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుండగా, సిగ్నల్ దగ్గర ఎలాంటి దగ్గూ తుమ్మూ లేకుండా ఇంజిన్ ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ చక్కగా తిరుగుతోంది, కానీ అందుకోవడం లేదు. వెనకవాళ్ల హారన్ల మధ్య బండిని పక్కకు తోయించి, ఫుట్‌పాత్ మీద అరగంట కూర్చుని, టో ట్రక్కుకు ఫోన్ చేసే ముందు చివరిసారిగా తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఆ వారంలో అలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఇంజిన్ బాగా వేడెక్కాకనే జరిగింది, మూడుసార్లూ చల్లారాకనే తిరిగి ప్రాణం వచ్చింది.

ఈ లక్షణం విన్నవెంటనే ఆఫీసులో పాత బండ్లు నడిపే సహోద్యోగి ఒకాయన "క్రాంక్ సెన్సార్" అన్నాడు. ఇంజిన్ తిరుగుతోందో లేదో కంప్యూటర్‌కు కబురిచ్చే చిన్న భాగం అది. దగ్గరలోని గ్యారేజీలో అడిగితే, భాగంతోనూ కూలితోనూ కలిపి 350 డాలర్లు అవుతుందన్నారు. బండి ధరలో ఆరో వంతు. సెన్సార్ ఒక్కటే అయితే అప్పట్లో నలభై డాలర్ల లోపు దొరికేది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. ఆయన కొడుకునై ఉండి, చిటికెన వేలంత భాగాన్ని మార్చడానికి 300 డాలర్ల కూలి ఇవ్వడం నాకు నామోషీగా తోచింది. ఆ నామోషీ వల్లనే మూడు శనివారాలు బండి కింద గడిపాను.

మొదటి శనివారం మొత్తం తప్పుచోట వెతకడంతో సరిపోయింది. నేను నేర్చుకున్నదల్లా తెర మీద చూసి నేర్చుకున్నదే. అక్కడ చూసిన చాలా కార్లలో క్రాంక్ సెన్సార్ ఇంజిన్ ముందు భాగంలో, క్రాంక్ పుల్లీ వెనక పళ్లచక్రం పక్కన ఉంది. కనుక ఇందులోనూ అక్కడే ఉంటుందని నిశ్చయించుకున్నాను. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండ్ల మరమ్మతు నిషిద్ధం కాబట్టి, ప్లేనోలో సొంత ఇల్లున్న గుంటూరు మిత్రుడి గ్యారేజీకి బండి తీసుకువెళ్లి, ముందు చక్రాలు ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టి, పుల్లీ చుట్టూ ఇరవై రెండేళ్లుగా పేరుకున్న నూనె మట్టిని గంటసేపు గీకాను. పుల్లీ ఉంది, దాని అంచున టైమింగ్ గుర్తు ఉంది, పళ్లచక్రం మాత్రం లేదు. ఒక తీగ కనిపిస్తే ఆశగా దాన్ని పట్టుకుని వెళ్లాను. అది ఏసీ కంప్రెసర్ దగ్గర తేలింది.

అప్పటికి విజయవాడలో రాత్రి ఏడున్నర దాటింది. నాన్నకు ఫోన్ చేశాను.

"సెన్సార్ ఎక్కడుందో కనపడట్లేదు నాన్నా."

"అది సరే, కరెంటు వస్తోందా? పెట్రోలు వస్తోందా?"

"ఇంకా చూడలేదు. ముందు సెన్సార్ దొరికితే మార్చేద్దామని."

"ఏం రోగమో తేల్చకుండా మందు కొనేశావన్నమాట. అది తల కాలిపోయి ఆగిపోయినప్పుడు ప్లగ్గు వైరు ఊడదీసి చూడరా ముందు. కరెంటు లేకపోతే అప్పుడు మాట్లాడదాం."

ఆయన కాలంలో సెన్సార్లు లేవు, కంప్యూటర్లు లేవు. డీజిల్ లారీలకైతే ప్లగ్గు వైర్లు కూడా ఉండవు. అయినా ఆయన చెప్పిన క్రమమే సరైనది. నేను చేసిన రెండో పొరపాటు ఆయనకు చెప్పలేదు. పని మొదలుపెట్టే ముందు జాగ్రత్త కోసమని బ్యాటరీ తీగ విప్పేశాను. దానితో కంప్యూటర్ తన జ్ఞాపకంలో దాచిపెట్టుకున్న తప్పు సంకేతాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ సంకేతాల సంగతి కొంచెం చెప్పాలి. అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారుకూ స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ తప్పనిసరి అయింది. ఇరవై డాలర్ల స్కానర్ దానికి తగిలిస్తే కారు తన బాధ తానే చెబుతుంది. నాది 1995 మోడల్. ఒక్క సంవత్సరం తేడాతో ఆ సౌకర్యం తప్పిపోయింది. దాని బదులు ఈ బండిలో ఒక చిత్రమైన పద్ధతి ఉంది. తాళాన్ని స్టార్ట్ దాకా పోనివ్వకుండా, అయిదు సెకన్లలోపు ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్ అని తిప్పి వదిలేస్తే, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటూ అంకెలు చెబుతుంది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే 12 అన్నమాట. అయిదు, ఆగి, అయిదు వెలిగితే 55, అంటే చెప్పవలసింది అయిపోయిందని అర్థం. ఆ రోజు నా దీపం చెప్పింది 12, ఆపైన 55. పన్నెండుకు అర్థం ఏమిటయ్యా అంటే, ఈ మధ్య ఎవరో బ్యాటరీ తీగ ఊడదీశారని. నేను చేసిన తప్పును నాకే చెప్పి ఊరుకుంది.

కాబట్టి బండి ఆగిపోయిన స్థితిలోనే పరీక్షించాలి, అదీ రోడ్డు మీద కాకుండా గ్యారేజీ వాకిట్లో ఆగిపోవాలి. రెండో శనివారం మధ్యాహ్నం, బయట నూరు డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, బండిని కదలకుండా ఇంజిన్ ఆడిస్తూ వాకిట్లోనే ఉంచాను. రోజూ నడిరోడ్డు మీద ఆగిపోయే బండి, ఆగమని బతిమాలితే నలభై నిమిషాల దాకా ఆగలేదు. మా మిత్రుడి భార్య రెండుసార్లు మజ్జిగ తెచ్చిచ్చి, "అన్నయ్యా, బండి బాగానే ఉందిగా" అని కూడా అంది. నలభై ఒకటో నిమిషంలో ఠక్కున ఆగిపోయింది. బండి చెడిపోయినందుకు నేను సంతోషించిన సందర్భం అదొక్కటే.

వెంటనే ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, పాత ప్లగ్గు తగిలించి, దాన్ని ఇంజిన్ ఇనుముకు ఆనించి, మిత్రుణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. నిప్పురవ్వ లేదు. తాళం ఆన్ చేసినప్పుడు పెట్రోలు ట్యాంకులోని పంపు కాసేపు జుమ్మని, ఊరుకుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేగం చూపే ముల్లు సున్నా మీద నుంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఈ మూడింటినీ కలిపి చదివితే చాలావరకు విషయం తేలిపోతుంది. ఇంజిన్ తిరుగుతున్నదన్న కబురు అందితేనే కంప్యూటర్ రిలేలనే స్విచ్చులను వేసి ఉంచి, నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కూ, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకూ, పంపుకూ కరెంటు ఇస్తుంది. కబురు అందకపోతే, ప్రమాదంలో ఇంజిన్ ఆగిపోయిందేమోనన్న జాగ్రత్తతో, అన్నింటినీ ఆపేస్తుంది. కరెంటూ పెట్రోలూ రెండూ ఒకేసారి పోయాయంటే రెండు రోగాలు కావు, ఒక కబురు అందకపోవడమే. పది సెకన్లపాటు సెల్ఫ్ కొట్టి, మళ్లీ తాళాన్ని అటూ ఇటూ తిప్పాను. దీపం ఒకసారి వెలిగి, ఆగి, ఇంకొకసారి వెలిగింది. 11. సెల్ఫ్ తిరుగుతున్నా క్రాంక్ నుంచి సంకేతం రాలేదని దాని అర్థం. వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు నుంచి సంకేతం రాకపోతే చెప్పే అంకె 54. అది రాలేదు.

ఏ సెన్సార్ అన్నది తేలింది. అది ఎక్కడుందన్నది ఇంకా మిగిలింది. ఈసారి కూర్చుని ఆలోచించాను.

ఏ పిస్టన్ ఏ క్షణంలో ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియాలి, కానీ పిస్టన్‌ను నేరుగా చూసే కన్ను ఏదీ ఉండదు. పిస్టన్లన్నీ క్రాంక్‌షాఫ్ట్‌కు, అంటే వాటి కదలికతో తిరిగే ఇరుసుకు, కట్టుబడి ఉంటాయి కనుక, దానితోపాటు తిరిగే ఏదో ఒక చక్రానికి గాట్లు పెట్టి, ఆ గాట్లు తన ముందునుంచి పోతున్నప్పుడల్లా గుర్తుపట్టే సెన్సార్‌ను పక్కన బిగిస్తారు. అంటే సెన్సార్‌కంటూ సొంత చోటు లేదు. చక్రం ఎక్కడుంటే అదీ అక్కడే ఉండాలి. ఇంజిన్ బయట క్రాంక్‌షాఫ్ట్‌తో తిరిగేవి రెండే చక్రాలు: ముందు పుల్లీ, వెనక గేర్‌బాక్స్‌కు ఆనుకుని ఫ్లైవీల్. ఆటోమేటిక్ బండిలో ఫ్లైవీల్ స్థానంలో ఫ్లెక్స్‌ప్లేట్ అనే పలుచని ఇనుప పళ్లెం ఉంటుంది. ముందు చక్రానికి గాట్లు లేవని మొదటి శనివారమే చూశాను. ఇక మిగిలింది వెనక చక్రం. మొదటి రోజే ఇంతమాత్రం ఆలోచించి ఉంటే, మట్టి గీకే పని తప్పేది.

పాత పుస్తకాల దుకాణంలో కొన్న మరమ్మతు పుస్తకం తీస్తే అదే ఉంది. ఈ ఇంజిన్‌లో ఫ్లెక్స్‌ప్లేట్ అంచున నాలుగేసి గాట్లున్న గుంపులు మూడు ఉంటాయి. గుంపులో గాటుకూ గాటుకూ మధ్య 20 డిగ్రీలు, గుంపుకూ గుంపుకూ మధ్య 120 డిగ్రీలు. ఆరు సిలిండర్లకు మూడే గుంపులు ఎందుకంటే, ఈ ఇంజిన్‌లో పిస్టన్లు జంటలుగా పైకి వస్తాయి: 1తో 6, 2తో 5, 3తో 4. ఒక్కో గుంపు ఒక్కో జంటకు గుర్తు. ఆ జంటలో ఏది పేలడానికి సిద్ధంగా ఉంది, ఏది పొగ వదులుతోంది అన్నది మాత్రం క్రాంక్ చెప్పలేదు, ఎందుకంటే నాలుగు దశల ఇంజిన్‌లో ఒక ఆవృత్తం పూర్తికావడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి, మొదటి చుట్టుకూ రెండో చుట్టుకూ దానికి తేడా తెలియదు. ఆ రెండు చుట్లలో క్యామ్‌షాఫ్ట్ ఒకే చుట్టు తిరుగుతుంది. కనుక తేడా చెప్పగలిగేది అదే.

క్యామ్‌షాఫ్ట్‌ను గమనించే రెండో సెన్సార్‌ను చూడడం ఎంత సులువో చెబితే మొదటిదాని కష్టం బాగా తెలుస్తుంది. ఇంజిన్‌కు కుడిపక్కన, నిలబడి చేయి చాస్తే అందేచోట, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంది. దాన్ని తిప్పేది క్యామ్‌షాఫ్టే. మూత స్క్రూలు రెండు విప్పి, లోపల తిరిగే రోటర్‌ను పైకి లాగితే, కింద సగం చుట్టు మాత్రమే అంచు ఉన్న ఒక రేకు కనిపించింది. ఆ రేకు అంచు సెన్సార్ నోట్లో ఉన్నంతసేపు ఒక సంకేతం, బయట ఉన్నంతసేపు ఇంకొకటి. అంతా పొడిగా, శుభ్రంగా ఉంది. డిస్ట్రిబ్యూటర్‌ను మాత్రం కదపలేదు. పాత బండ్లలో దాన్ని తిప్పి టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే వేళ, సరిచేసేవారు గాని, ఇందులో టైమింగ్ కంప్యూటర్ చేతిలో ఉంది. తిప్పితే ఇంజెక్టర్ల లెక్క తప్పుతుందే తప్ప ఒరిగేదేమీ ఉండదు. మూత పెట్టేశాను. అయిదు నిమిషాలు పట్టింది.

క్రాంక్ సెన్సార్ దగ్గరకు వస్తే, అది డ్రైవరు వైపు, గేర్‌బాక్స్ ముందు భాగంలో గంట ఆకారంలో ఉండే బెల్‌హౌసింగ్ నెత్తిన, ఇంజిన్‌కూ క్యాబిన్ గోడకూ మధ్య ఇరుకులో కూర్చుంది. పైనుంచి చూస్తే, ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల దిమ్మ, ఇన్‌టేక్ మానిఫోల్డ్, అడ్డం. కిందినుంచి చూస్తే గేర్‌బాక్స్ అడ్డం. పక్కనే పొగ గొట్టం. ఇంజిన్ వేడెక్కాకనే ఇది మొరాయించడానికి కారణం వేరే వెతకనక్కరలేదు. కంటికి ఆనదు కనుక తీగను పట్టుకుని వెళ్లాను: మానిఫోల్డ్ వెనక మూడు పిన్నుల కనెక్టర్ ఒకటి ఉంది, దాని నుంచి నల్లటి తీగ కిందికి దిగుతోంది. ఫోన్ కెమెరాను వీడియోలో పెట్టి, దీపం వెలిగించి, చేతిని గేర్‌బాక్స్ మీదుగా పోనిచ్చి, తీసిన బొమ్మను తరవాత చూసుకున్నాను. నాలుగో ప్రయత్నంలో, నూనె మసి మధ్య, రెండు బోల్టుల తలలూ వాటి మధ్య నల్లటి ముద్దలాంటి సెన్సార్ ఒళ్లూ కనిపించాయి. ఆ వీడియోను ఆగి ఆగి ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు.

ఇక్కడ ఇంకో పొరపాటు చేశాను. విప్పే ముందు మల్టీమీటరుతో ఒకసారి కొలుద్దామని, పుస్తకంలో చెప్పిన ప్రకారం కనెక్టర్ ఊడదీసి ఓములు, అంటే కరెంటుకు తీగ ఇచ్చే అడ్డు, చూశాను. 125 నుంచి 275 ఓముల మధ్య ఉండాలని పుస్తకం చెప్పింది. నా మీటరు అనంతం చూపించింది, అంటే తీగ తెగిపోయినట్టు. అప్పటికి బండి పూర్తిగా చల్లారి ఉంది, తాళం తిప్పితే స్టార్టయ్యే స్థితిలో ఉంది. తెగిపోయిన సెన్సార్‌తో బండి ఎలా స్టార్టవుతుంది? ఆ రాత్రి పడుకునే ముందు పుస్తకం మళ్లీ తెరిస్తే, నేను చదివిన పుట 1990 వరకు వచ్చిన బండ్లదని తెలిసింది. ఆ కాలపు చెరొకీల్లో రెనిక్స్ అనే వ్యవస్థ ఉండేది. అందులోని సెన్సార్ అయస్కాంతం చుట్టూ చుట్టిన తీగచుట్ట. గాటు ఎదుటినుంచి పోయినప్పుడు తానే చిన్న కరెంటు పుట్టిస్తుంది, కాబట్టి తీగచుట్టకు ఓములు ఉంటాయి. దానికి రెండే తీగలు. 1991 నుంచి వచ్చినది హాల్ సెన్సార్. అది తానుగా కరెంటు పుట్టించదు. కంప్యూటర్ దానికి కరెంటు ఇస్తుంది, అది గాటును చూసినప్పుడల్లా సంకేతం తీగను ఆన్, ఆఫ్ చేస్తుంది. అందుకే మూడు తీగలు. దీని పరీక్ష మొదటిదానికి సరిగ్గా తలకిందులు: సంకేతం తీగకూ నేల (గ్రౌండ్) తీగకూ మధ్య ఓములు ఏమీ చూపకుండా ఉంటేనే బాగున్నట్టు, తక్కువ ఓములు చూపిస్తే పోయినట్టు. నా చేతిలో మూడు పిన్నులు కనిపిస్తూ ఉండగానే రెండు పిన్నుల సెన్సార్ లెక్క చదివాను. చల్లటి సెన్సార్ మంచిదని మీటరు చెబితే, నేను దాన్ని చచ్చిపోయిందనుకున్నాను. నిర్ణయం మారలేదు గాని, కారణం మాత్రం తప్పు.

మూడో శనివారం తెల్లవారుజామునే, పొగ గొట్టం చల్లగా ఉండగా పని మొదలుపెట్టాను. నాలుగు స్టాండ్ల మీద బండి, చక్రాలకు అడ్డుదిమ్మలు. 11 మిల్లీమీటర్ల సాకెట్, దాని వెనక మెడ తిరిగే జాయింట్, దాని వెనక మూడు ఎక్స్‌టెన్షన్ కడ్డీలు ఒకదానికొకటి తగిలించి, మొత్తం రెండడుగులకు పైగా పొడవు చేశాను. మొదట అర్థం కానిది ఏమిటంటే, సెన్సార్ ఇంజిన్ వెనక ఉంది కదా అని నేను ఇంజిన్ కిందనే పడుకున్నాను. అక్కడినుంచి దారి లేదు. ఇంకా వెనక్కు జరిగి, గేర్‌బాక్స్ తోక దగ్గర తల పెట్టి పడుకుంటే, గేర్‌బాక్స్‌కూ పైనున్న రేకుకూ మధ్య సందు ముందుకు పొడుగ్గా కనిపిస్తుంది. కడ్డీని ఆ సందులోనుంచి ముందుకు తోస్తూ పోతే, అవతలి కొసన సాకెట్ బోల్టు తలకు తగులుతుంది. ఒక చేత్తో కడ్డీ తిప్పాలి, రెండో చేతిని పక్కనుంచి పోనిచ్చి సాకెట్‌ను బోల్టు మీద కూర్చోబెట్టాలి, కన్నుకు ఏమీ కనిపించదు. చీకట్లో తాళంచెవి దూర్చినట్టు వేళ్లతోనే చూడాలి. మొదటి బోల్టు సాకెట్‌లో కూర్చోవడానికి ఇరవై నిమిషాలు, విప్పడానికి ఇరవై సెకన్లు పట్టింది.

రెండో బోల్టు వదులయ్యాక సాకెట్ నుంచి జారి, ఎక్కడో టింగుమని మోగి, నిశ్శబ్దమైపోయింది. నా గుండె కూడా దానితోపాటే జారింది, ఎందుకంటే సెన్సార్ తీసిన రంధ్రంలోనుంచి బోల్టు బెల్‌హౌసింగ్ లోపల పడితే, గేర్‌బాక్స్ దింపవలసిన పరిస్థితి రావచ్చు. అదృష్టవశాత్తు సెన్సార్ ఇంకా రంధ్రంలోనే ఉంది, లోపలికి దారి లేదు. అయస్కాంతం కట్టిన కర్రతో వెతికితే, గేర్‌బాక్స్‌ను మోసే అడ్డుదూలం గాడిలో బోల్టు దొరికింది. తిరిగి బిగించేటప్పుడు మాత్రం సాకెట్ లోపల చిన్న కాగితం ముక్క మడిచి పెట్టాను, బోల్టు తల అందులో బిగుసుకుని జారకుండా ఉంది.

పాత సెన్సార్ లాగే ముందు, దాని పైకొసన ఉన్న కనెక్టర్‌కు గట్టి దారం కట్టాను. కింద సెన్సార్‌ను లాగుతూ ఉంటే తీగతోపాటు దారం కిందికి దిగింది. కొత్త తీగ కనెక్టర్‌ను దారం కొసకు కట్టి పైనుంచి లాగితే, లంగాకు బొందు ఎక్కించినట్టు, తీగ తన పాతదారినే పైకి వచ్చింది. మా అమ్మ పిన్నీసుతో చేసే పనిని ఇంజిన్ వెనక చేసినందుకు ఆ రోజంతటిలో నాకు గర్వమనిపించిన క్షణం అదొక్కటే. బయటకు వచ్చిన పాత సెన్సార్ మూతి నిండా నూనె మసి. తీగ మీది తొడుగు వేళ్ల మధ్య వంచితే వేయించిన అప్పడంలా విరిగిపోయింది. ఇరవై రెండేళ్లు పొగ గొట్టం పక్కన ఉడికిన వస్తువు ఇంతకంటే బాగుంటుందని ఎవరూ అనుకోరు.

కొత్తది బిగించి, కనెక్టర్ క్లిక్కుమనేదాకా నొక్కి, మిత్రుణ్ణి తాళం తిప్పమన్నాను. ఇంజిన్ తిరిగింది, అందుకోలేదు. ముల్లు కదల్లేదు. దీపం మళ్లీ 11 అంది. అప్పుడు మా ఇద్దరికీ మాటరాలేదు. కిందికి దూరి, ఫోన్ కెమెరాతో మళ్లీ చూస్తే, సెన్సార్ ఒక పక్కకు కొద్దిగా ఒరిగి ఉన్నట్టు తోచింది. పాతది తీసినప్పుడు రంధ్రం అంచున మిగిలిన గట్టి మసిపెళ్ల మీద అది కూర్చుంది, నేను ఒక బోల్టును పూర్తిగా బిగించి తరవాత రెండోదాన్ని బిగించాను. సెన్సార్ మూతి, గాట్ల చక్రానికి ఉండవలసినంత దగ్గరగా లేదు. ఈ రకం సెన్సార్ ఇనుమును అయస్కాంతపు పట్టుతో గుర్తుపట్టేదే, ఎడం కొంచెం ఎక్కువైనా దానికి గాటూ ఒకటే, అంచూ ఒకటే. మళ్లీ విప్పి, గుడ్డ చుట్టిన పుల్లతో అంచంతా తుడిచి, సెన్సార్‌ను వేలితో లోపలికి నొక్కిపట్టి, రెండు బోల్టులనూ చెరి కొంచెం మార్చి మార్చి బిగించాను. దీనికి ఇంకో గంటన్నర పట్టింది. ఈసారి సెల్ఫ్ కొట్టిన రెండో చుట్టుకే ముల్లు ఉలిక్కిపడినట్టు పైకి లేచింది, ఆ వెంటనే ఇంజిన్ అందుకుంది.

నాన్నకు ఫొటో పంపితే, "ఇంత చిన్నదానికా ఇంత గోల" అని, ఆ వెంటనే "బోల్టులు రెండూ వేశావా, ఒకటేనా?" అని అడిగారు. ఆయనకు నా సంగతి బాగా తెలుసు.

అయినా నాకు ఒక అనుమానం మిగిలింది. చల్లగా ఉన్నప్పుడు మీటరు మంచిదని చెప్పిన సెన్సార్ నిజంగానే పోయిందా, లేక నేను మార్చిన సమయానికి ఇంకేదో తనంతట తాను సర్దుకుందా? ఆదివారం పొద్దున్న పాత సెన్సార్‌ను శుభ్రంగా కడిగి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, తీగలు బయటకు వదిలి, టీ గిన్నెలో మరుగుతున్న నీళ్లలోకి దింపాను. నా గదిలో ఉండే కుర్రాడు వచ్చి గిన్నెలోకి చూసి, టీ వద్దని వెళ్లిపోయాడు. మీటరు సంకేతం తీగకూ నేల తీగకూ పెట్టి ఉంచాను. అయిదు నిమిషాల దాకా అనంతమే. ఎనిమిదో నిమిషంలో అంకెలు కనిపించాయి, కొన్ని వేల ఓములు, నిలకడ లేకుండా పైకీ కిందికీ ఊగుతూ. గిన్నె దింపి, సంచిని చల్లటి నీళ్ల కింద పెట్టాను. కాసేపటికి అంకెలు పోయి మళ్లీ అనంతం వచ్చింది. సిగ్నల్ దగ్గర ఫుట్‌పాత్ మీద నేను కూర్చున్న అరగంటలో బండిలో జరిగింది ఇదే.